అల్లుడి జేబులో తాళం

మేము సెయింట్ థామస్ దీవికి వెళ్లొచ్చామని తెలిసినప్పటి నుంచి టెక్సాస్‌లో మా ఇర్వింగ్‌లో మాకు తెలిసినవాళ్లంతా ఫోన్ చేసి టిప్స్ అడుగుతున్నారు. ఏ బీచ్ బాగుంటుంది, ఇండియన్ రెస్టారెంట్ ఉందా, రైస్ కుక్కర్ తీసుకెళ్లాలా, వారం రోజులుంటే బోర్ కొడుతుందా. మా వీసా జనానికి ఆ దీవి మీద మోజు ఎందుకో నేను వేరే చెప్పక్కర్లేదు. పాస్‌పోర్ట్‌లో స్టాంపింగ్ గడువు దాటిపోయి, బయటికి వెళ్తే మళ్లీ రానిస్తారో లేదోనని భయపడేవాళ్లకి అమెరికా దాటకుండానే కరీబియన్ సముద్రం చూపించే చోటు అది. కాకపోతే తిరిగొచ్చేటప్పుడు అక్కడి ఎయిర్‌పోర్ట్‌లో కాగితాలన్నీ చూస్తారు. పాస్‌పోర్ట్ మరిచిపోకండి. ఇంతవరకు నేను శాంతంగానే చెప్తాను.

ఆ తర్వాతే నా గొంతు లేస్తుంది. ఆ దీవిలో ఏం చేయాలన్నా కారు కావాలి. కారు అనగానే మా ఆయన జేబులోని తాళం గుర్తొస్తుంది. అది గుర్తొస్తే ఇవాళ్టికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అసలు సంగతి మా అమ్మది. మార్కాపురం దగ్గర ఒక హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. నాన్నకి చూపు సరిగా ఆనేది కాదు, అందుకని మా ఇంట్లో డ్రైవర్ ఎప్పుడూ అమ్మే. పాత మారుతి కారు, చీర కొంగు నడుముకి దోపుకుని, కళ్లద్దాలు ముక్కు మీదికి తోసుకుని, దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్ రోడ్డు మొత్తం హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని ఎక్కించుకెళ్లేది. ఎదురుగా బస్సు వస్తే తడబడిన గుర్తు నాకు లేదు. వెనక్కి తియ్యాల్సి వస్తే బస్సువాడే తీసేవాడు.

నాన్న పోయాక ఏడాదికోసారి వచ్చి మా దగ్గర ఆర్నెల్లు ఉంటోంది. వచ్చిన ప్రతిసారీ మార్కాపురం నుంచి ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకుంటుంది. దాన్ని తన లైసెన్స్‌తో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ని హ్యాండ్‌బ్యాగ్ లోపలి అరలో దాచుకుంటుంది. ఇర్వింగ్ సంగతి తెలిసిందే, పెరుగు డబ్బా కావాలన్నా కారు తియ్యాలి. మొదటిసారి వచ్చినప్పుడు భోజనాల దగ్గర అమ్మ అడిగింది, నేనూ కొంచెం అలవాటు చేసుకోనా బాబూ అని.

"ఇక్కడ రైట్ సైడ్ కదా అత్తయ్యా. మీకు సైడ్ కన్ఫ్యూజ్ అయిపోద్ది. మీకెందుకు ఆ టెన్షన్, ఎక్కడికి వెళ్లాలన్నా నాకు చెప్పండి, నేను తీసుకెళ్తాగా" అన్నాడు మా ఆయన.

మర్యాదగానే అన్నాడు. మా ఆయన చెడ్డవాడు కాదని మీ అందరికంటే ముందు నేనే ఒప్పుకుంటాను. కానీ ఆ తీసుకెళ్లడం ఆయన మీటింగులు అయ్యాక, ఆయన టీ తాగాక, ఆయనకి అటువైపు వేరే పని ఉంటే. లైబ్రరీకి వెళ్దామని పొద్దున్నే చీర మార్చుకుని సోఫాలో కూర్చున్న అమ్మ, సాయంత్రం మళ్లీ నైటీ వేసుకోవడం నేను ఆఫీస్ నుంచి వచ్చి ఎన్నిసార్లో చూశాను. నా కారు తీసుకోమ్మా అంటే తీసుకోదు. "అల్లుడు వద్దన్నాక మళ్లా నేను తీస్తే ఏం బాగుంటదే" అనేది. అయిదువందల మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టిన మనిషి. అల్లుడి ముందు మాత్రం గొంతు పెగలదు. కూతురి ఇంట్లో తినే తిండే మొహమాటమట, దానిపైన కారు కూడానా అట. ఈ అల్లుడి మర్యాద ఎవడు కనిపెట్టాడో గానీ వాడు మాత్రం పెళ్లికొడుకే అయ్యుంటాడు.

అందుకే ఆ దీవిలో మేము అద్దెకి తీసుకున్న ఇంటావిడ పంపిన మెసేజ్ చదివి నేను ఎగిరి గంతేశాను. అమెరికా మొత్తంలో ఆ దీవుల్లోనే ఎడమవైపు నడుపుతారట. అచ్చం మన ఊళ్లో లాగానే. ఆ రాత్రి కంచాల ముందు చదివి వినిపించాను. "అమ్మా, సైడ్ బెంగ తీరిపోయింది. అక్కడ నువ్వే డ్రైవర్‌వి" అన్నాను. మా ఆయన నవ్వాడు. అమ్మ చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లి, కవర్ తీసి పర్మిట్ గడువు చూసుకుని మళ్లీ జాగ్రత్తగా లోపల పెట్టుకుంది. అది నేను చూశానని తనకి తెలియదు.

దీవిలో దిగాక కారు తాళం అందుకుంది మా ఆయనే. నేనూ సరేలే అనుకున్నాను, మొదటి రోజు, సామాన్లు, అలసట. ఎయిర్‌పోర్ట్ గేటు దాటి మలుపు తిరగ్గానే కారు తీసుకెళ్లి కుడివైపు పెట్టాడు. ఎదురుగా ఒక ఓపెన్ ట్రక్కు, వెనకాల బెంచీలు వేసి జనాన్ని ఎక్కించుకునే రకం, మా మీదికే వస్తోంది. వెనక సీట్లోంచి అమ్మ "ఎడమ బాబూ, ఎడమ" అంది. గట్టిగా కూడా అనలేదు. ట్రక్కు డ్రైవర్ ఆపేసి, ఇలాంటివాళ్లు రోజూ దిగుతారన్నట్టు చెయ్యి ఊపి మాకు దారిచ్చాడు. మా ఆయన చెమట తుడుచుకుని, "ఈ జంక్షన్ డిజైన్ చేసినోడెవడో గానీ" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు.

అక్కడితో ఆగిందా అంటే లేదు. కొండ ఎక్కుతుంటే మళ్లీ కుడివైపుకి జరిగాడు. ఇంటి సందులో తిరుగుతూ మళ్లీ. ప్రతిసారీ "సారీ సారీ, హ్యాబిట్, రెండు రోజుల్లో సెట్ అయిపోతా" అనడం, ప్రతిసారీ మేమంతా ప్రాణాలు బిగబట్టి ఫరవాలేదు ఫరవాలేదు అనడం.

ఇంటావిడ పెద్దావిడ, పక్క వాటాలోనే ఉంటుంది. వెళ్లగానే మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి చెప్పాల్సినవి చెప్పింది. ఇంటి కింద తొట్టిలో పట్టిన వాననీళ్లే వాడాలి, కుళాయి ఊరికే వదలొద్దు. మలుపుల దగ్గర హారన్ కొట్టండి, దారిస్తే థాంక్స్‌గా ఇంకోసారి కొట్టండి. ఎవరితో మాట్లాడాలన్నా ముందు గుడ్ మార్నింగో గుడ్ ఆఫ్టర్‌నూనో చెప్పి అప్పుడు పని చెప్పండి, లేకపోతే ఇక్కడ మొరటుతనం అనుకుంటారు. మా ఆయన ఫోన్ చూసుకుంటూ తలాడించాడు. అమ్మ మాత్రం స్టాఫ్ మీటింగ్‌లో కూర్చున్నట్టు కూర్చుని అంతా విన్నది.

మర్నాడు బేకరీకి వెళ్లాం. మా ఆయన తిన్నగా కౌంటర్ దగ్గరికి పోయి "ఫోర్ జానీకేక్స్" అన్నాడు. మన పూరీకి పెద్దన్న లాంటి రొట్టె అది, నూనెలో వేయించింది. కౌంటర్లో అమ్మాయి ఆయన్ని చూసింది, చూసి గుడ్డతో బల్ల తుడుచుకుంటూ ఉండిపోయింది. ఆయన గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. ఆ అమ్మాయి మళ్లీ తుడిచింది. అప్పుడు అమ్మ గుమ్మంలో నిలబడి, ప్రేయర్ బెల్ అయ్యాక క్లాసులోకి అడుగుపెట్టినట్టు, "గుడ్ మార్నింగ్" అంది. షాపులో ఉన్న నలుగురూ, లోపల పిండి కలిపేవాడితో సహా, గుడ్ మార్నింగ్ అన్నారు. అమ్మ మొహం వెలిగిపోయింది. రిటైరయ్యాక తనకి అలా అందరూ కలిసి బదులు చెప్పడం అదే మొదటిసారి అని కారెక్కాక నాతో చెప్పింది.

అదే ఊపులో ఉన్నట్టుంది, సీటుబెల్టు పెట్టుకుంటూ, "బాబూ, ఇక్కడ మన వైపే కదా. ఒక్కసారి నేను చూడనా?" అని అడిగింది. ఇన్నేళ్లలో రెండోసారి అడగడం.

"ఇక్కడ ఇంకా డేంజర్ అత్తయ్యా. సైడ్ మనదే గానీ స్టీరింగ్ మాత్రం లెఫ్ట్‌లో ఉంది కదా. టోటల్ కన్ఫ్యూజన్" అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగి చూశాను. నిన్న మూడుసార్లు ఎదుటి బండి మీదికి తీసుకెళ్లిన మనిషి చెప్తున్నాడు కన్ఫ్యూజన్ గురించి. వెనక నుంచి మా అమ్మాయి, ఈ మధ్యే టెక్సాస్‌లో లెర్నర్ పర్మిట్ తెచ్చుకున్న పిల్ల, "డాడ్, అమ్మమ్మ డ్రైవ్ చేస్తది కదా ఇండియాలో? దెన్ వై నాట్?" అంది. వాళ్ల నాన్న దానికి రెంటల్ కంపెనీ ఒప్పుకోదన్నాడు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ అన్నాడు. ఆ తర్వాత ఘాట్ రోడ్డు అన్నాడు, శ్రీశైలం ఘాట్ నడిపిన మనిషితో. కుంటిసాకులకి కూడా ఒక వరస ఉండాలి కదా. సైడ్ అన్నావు, సైడ్ మారింది. నీ మాట మారదా? ఇవన్నీ నేను అప్పుడు అనలేదు. అమ్మ వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. పళ్లు నూరుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం మాత్రం ఊరుకోలేదు. టౌన్‌లో షాపింగ్ అని చెప్పి, ఆ బెంచీల ట్రక్కు ఒకటి ఎక్కి అమ్మని రెంటల్ ఆఫీస్‌కి తీసుకెళ్లాను. గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పాం. అమ్మ కవర్ విప్పి లైసెన్స్, పర్మిట్ బల్ల మీద పెట్టింది. అక్కడున్నావిడ అటూ ఇటూ తిప్పి చూసి, కంప్యూటర్లో అమ్మ పేరు కలిపి, నవ్వుతూ వెనక్కిచ్చింది. అంతే. ఇన్నేళ్ల వాదన అక్కడ టీ చల్లారేలోపు అయిపోయింది.

అయినా తాళం రాలేదు. ఆ సంగతి చెప్తే "ఓ, గుడ్, గుడ్. చూద్దాంలే" అన్నాడు. చూద్దాం అంటే వద్దు అని తెలుగు మగవాళ్లందరికీ తెలుసు. ఏ బీచ్‌కి వెళ్లినా, ఏ వ్యూ పాయింట్ దగ్గర ఆగినా తాళం ఆయన షార్ట్స్ జేబులోకి పోయేది. నాకు సముద్రం నీలంగా కనపడలేదు, పచ్చగా కనపడలేదు. కారు ఆగిన ప్రతిచోటా ఆ జేబే కనపడింది. ఇంత అందమైన చోట ఒక జేబు వంక చూస్తూ తిరిగానంటే ఆ మనిషి మీద నాకెంత కోపం ఉండాలి.

చివరికి ఆ తాళం జేబులోంచి బయటికి తెచ్చింది సముద్రమే. నీళ్లలో తలపెట్టి చేపల్ని చూసే స్నార్కెలింగ్ బోటు మా ఇంటి కింద రేవు నుంచే బయల్దేరుతుంది. ఆయనా అమ్మాయీ వెళ్తూ, ఉప్పునీళ్లు తగిలితే పాడైపోతుందని తాళం నా చేతికిచ్చి జాగ్రత్త అన్నాడు. బోటు మలుపు తిరిగేదాకా ఆగాను. తర్వాత అమ్మ ముందు నిలబడి తాళం చాపాను.

"అల్లుడికి చెప్పావా?"

"నీ పేరు కారు కాగితాల్లో ఉంది. ఇంకెవరికి చెప్పాలి?"

అమ్మ తాళం అందుకుంది. తర్వాత కొంగు నడుముకి దోపింది.

తిన్నగా వెళ్లి కుడివైపు తలుపు తీసి కూర్చోబోయింది. ఎదురుగా స్టీరింగ్ లేదు. ఇద్దరం నవ్వుకున్నాం. ఎడమవైపుకి వచ్చి కూర్చుంది, బండి స్టార్ట్ చేసింది. పది గజాలు పోగానే కారు ఠక్కున ఆగి నా తల ముందుకి విసురుగా పోయింది. ఎడమకాలు క్లచ్ కోసం వెతికి బ్రేక్ మీద పడింది. తను క్లచ్ లేని ఆటోమేటిక్ బండి ఎప్పుడూ నడపలేదని మా ఇద్దరికీ అప్పటిదాకా తట్టనేలేదు. ఇంకోసారి పోనిచ్చింది, ఇంకోసారి ఠక్కున ఆగింది. అమ్మ చెప్పు విప్పి పక్కన పడేసి, ఎడమకాలు వెనక్కి మడిచి సీటు కిందికి నెట్టి అక్కడే ఉండమని దాన్ని గదమాయించింది. ఆ కాలు మళ్లీ ముందుకి రాలేదు.

ఇక ఆ తర్వాత చూడాలి. మలుపు మలుపుకీ హారన్. ఇర్వింగ్‌లో హారన్ కొడితే తిట్టినట్టు. ఇక్కడ కింద నుంచి ఇంకో హారన్ జవాబిచ్చేది. రోడ్డు మీద కోళ్లు, ఒక చోట మేకలు. ఒక ట్రక్కువాడు రోడ్డు మధ్య ఆపి ఎవరితోనో కబుర్లు చెప్తుంటే అమ్మ విసుక్కోకుండా ఆగింది. వాడు కబుర్లు ముగించి పక్కకి తీసుకుంటే చిన్నగా హారన్ కొట్టి చెయ్యెత్తింది. కొండ మీద వెడల్పాటి చోట ఆపి ఇద్దరం దిగి కిందికి చూశాం. అప్పుడు కనపడింది నాకు సముద్రం నీలంగా.

"ఊళ్లో మన కారు ఎట్లా ఉందమ్మా? నువ్వు లేనప్పుడు ఎవరన్నా స్టార్ట్ చేస్తున్నారా?" అని అడిగాను.

"అమ్మేశానుగా" అంది అమ్మ, సముద్రం వంక చూస్తూనే. "ఈసారి బయల్దేరే ముందు. ఆర్నెల్లు ఊరికే పడుంటే బ్యాటరీ పోతా ఉంది. అల్లుడే ఫోన్లో చెప్పాడు, ఈ వయసులో ఎందుకండీ, క్యాబ్ బుక్ చేసుకుంటే పోలా అని. నీకు చెప్పలేదా?"

నాకెవరూ చెప్పలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం అని ఊరికే అనలేదు పెద్దలు. ఇక్కడ తాళం ఇవ్వకపోవడం సరిపోలేదు, అక్కడ ఉన్న తాళం కూడా తీసేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, ఈసారి అమ్మ మీద కూడా. "వద్దని చెప్పలేవా? నీ కారమ్మా అది. నీ జీతంతో కొనుక్కున్నావు" అని ఆ కొండ మీద నిలబడి కేకలేశాను.

"ఎవరికి చెప్పేదే" అంది. "మంచి మాటే చెప్పాడుగా. మంచిగా చెప్పేవాళ్లకి ఎదురు చెప్పడం ఎట్లాగో నాకు చాతకాదు."

చెడ్డగా చెప్తే ఎవరైనా తిరగబడతారు. అత్తయ్యా అత్తయ్యా అంటూ మనిషిని మెల్లగా సోఫాలో కూర్చోబెట్టేస్తే ఎలా తిరగబడతారు? దిగేటప్పుడు కూడా అమ్మే నడిపింది. మలుపు మలుపుకీ హారన్ మాత్రం మానలేదు.

మేము ఇల్లు చేరేసరికి బోటు ముందే వచ్చేసింది. మా ఆయన తడి తువ్వాలు భుజాన వేసుకుని వరండాలో నిలబడి, అమ్మ ఎడమవైపు నుంచి దిగడం చూశాడు. మొహంలో కోపం లేదు. నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

"నాకు చెప్తే తీసుకెళ్లేవాణ్ణి కదా అత్తయ్యా" అన్నాడు.

ఆ వారంలో నేను దాచుకున్నదంతా అప్పుడు బయటపడింది. సైడ్ అన్నావు, స్టీరింగ్ అన్నావు, ఇన్సూరెన్స్ అన్నావు, అక్కడ కారు అమ్మించేశావు, నువ్వు మూడుసార్లు మమ్మల్ని చంపబోతే సెట్ అయిపోతానన్నావు, మా అమ్మ ఒక్కసారి ముట్టుకోకముందే కన్ఫ్యూజ్ అయిపోద్ది అన్నావు. పక్క వాటాలో ఇంటావిడ కిటికీ మూసుకుంది. మా అమ్మాయి తల తుడుచుకోవడం ఆపి వింటోంది. "నేను అత్తయ్య సేఫ్టీ కోసమే" అంటున్నాడు ఆయన. అమ్మ మా మధ్యకి వచ్చి, "ఊరుకోవే, అల్లుడితో అట్లా మాట్లాడొచ్చా" అని నన్నే కసిరి, తాళం తీసి ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ క్షణంలో నాకు మా అమ్మ మీద వచ్చినంత కోపం మా ఆయన మీద కూడా రాలేదు. మిగిలిన రోజులు ఆయనే నడిపాడు. వారం అయిపోయేసరికి నిజంగానే ఎడమవైపుకి అలవాటు పడ్డాడు, తన ఫ్రెండ్స్‌కి వీడియో తీసి పంపుకున్నాడు కూడా.

తిరిగొచ్చాక నేను ఎవరినీ అడగకుండా ఒక పని చేశాను. మా కార్ల ఇన్సూరెన్స్‌లో అమ్మ పేరు చేర్పించి, కాగితం ప్రింట్ తీసి తన చేతికిచ్చాను. అమ్మ చదివి మడిచి కవర్లో పెట్టుకుంది. ఇక ఇంతే అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఇండియన్ స్టోర్‌కి వెళ్లాలి. మా ఆయన తాళం ఊపుకుంటూ గరాజ్‌లోకి వెళ్లేసరికి అమ్మ డ్రైవర్ తలుపు దగ్గర నిలబడి ఉంది. కొంగు నడుముకి దోపి ఉంది. ఈసారి తలుపు వెతుక్కోలేదు.

"తాళం ఇలా ఇవ్వండి బాబూ" అంది.

ఆయన నవ్వాడు. "అత్తయ్యా, ఇక్కడ రైట్ సైడ్..."

"తెలుసు బాబూ. మీరు అక్కడ ఎడమవైపు మమ్మల్నందర్నీ ఎక్కించుకునే నేర్చుకున్నారు. తప్పు చేసినప్పుడల్లా నేను వెనకాల కూర్చుని ఎడమ, ఎడమ అని చెప్పాను. దిగిపొమ్మనలేదు. ఇప్పుడు నేను నేర్చుకుంటాను. మీరు పక్కన కూర్చుని కుడి, కుడి అని చెప్పండి."

మర్యాదలో ఇసుమంత కూడా తగ్గలేదు. గొంతు మాత్రం ప్రేయర్ బెల్ అయ్యాక వినిపించే గొంతు. మా ఆయన నా వంక చూశాడు. నేను వెనక సీట్లోకి వెళ్లి కూర్చున్నాను. ఆయన తాళం ఇచ్చి, చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. అమ్మ చెప్పు విప్పి పక్కన పెట్టి, ఎడమకాలు వెనక్కి మడుచుకుంది.